కుంపటి కారు

మొన్న ఎండాకాలం హైదరాబాదు నుంచి నల్లగొండకు వస్తుంటే నార్కట్‌పల్లి ఇంకా రాకముందే మా అల్లుడి కారులో చల్లగాలి మొండికేసింది. మీట ఒకటి మీద పెడితే రాదు, రెండు మీద రాదు, మూడు మీదా రాదు. నాలుగు మీద పెడితే మాత్రం ముఖం వాచిపోయేలా కొడుతుంది. అల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు, డాష్‌బోర్డు మీద నాలుగు దెబ్బలు వేశాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు, చివరికి రోడ్డు పక్క మెకానిక్ షెడ్డు ముందు ఆపాడు. మెకానిక్ ముందు సీటు కింద తల దూర్చి, స్క్రూలు విప్పి, అగ్గిపెట్టెంత ముక్కను బయటికి లాగి, "రెసిస్టర్ పోయింది సార్, మోటరు మంచిగనే ఉన్నది" అన్నాడు. సన్నటి తీగచుట్టలు, వాటిలో ఒకటి తెగి నల్లబడి ఉంది. నేను చేయి చాపి దాన్ని తీసుకుని వాసన చూశాను. కాలిన దుమ్ము, కాలిన బట్ట కలిసిన వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసన గుర్తుపట్టి ముక్కను చటుక్కున కింద పడేశాను. "ఏమైందత్తమ్మా?" అని అల్లుడు కంగారుపడ్డాడు. "ఏం కాలేదు, కొన్ని మంచినీళ్ళియ్యి" అన్నాను. మెకానిక్ కొత్త ముక్క బిగించాడు, పాతదాన్ని చెత్తలోకి విసిరాడు, మళ్ళీ చల్లగాలి వచ్చింది, మా అల్లుడు పాట పెట్టుకున్నాడు. నల్లగొండ చేరేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. నోరు విప్పితే తిట్లే వచ్చేవి, అవి ఆ పిల్లవాడికి చెందినవి కావు.

మాది అమ్రాబాద్ గుట్టలు కనిపించేంత దూరంలో, అచ్చంపేట పోయే దారి మీద ఒక ఊరు. మేం కురుమలం. గొర్రెలు, గొంగళ్ళు, కాస్త జొన్నచేను, అంతే మా ఆస్తి. మా వాడలో పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది చింతగింజల గంజి వాసన. గింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, కుండలో ఉడికించి ఆ గంజిని ఉన్ని దారాలకు పట్టించేవాళ్ళు. దారం బిరుసెక్కితేనే గొంగడి వానకు ఆగుతుంది. దానితోపాటు తడిసిన ఉన్ని వాసన, గొర్రెల మంద వాసన. మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, గుంజకు వీపు ఆనించి కూర్చుని పొద్దంతా కదురు తిప్పేది. ఆమె వడికిన దారాన్ని ఎవరూ దాటకూడదు. కోడిపిల్ల దాటినా తిట్టేది. ఆ ఉన్ని నూగు పీల్చీ పీల్చీ ఆమెకు దమ్ము పట్టుకుంది. చలికాలం వచ్చిందంటే పడుకోలేకపోయేది, మోకాళ్ళు కౌగిలించుకుని కుంపటి పక్కన కూర్చుని ఊపిరి లాగేది. లోపల ఏదో పిల్లనగ్రోవి ఉన్నట్టు సన్నటి కూత వినిపించేది. ఆ కూత వింటూ నిద్రపోవడం మాకు అలవాటు. ఏటా చలి ముదరకముందే ఆమె వడికిన ఉన్నితో నేసిన మంచి గొంగడి ఒకటి ఊరి దొర ఉండే గడికి పోవాలి. ఊరికే పోవాలి. వెట్టి పోయిందని పట్నంలో చెప్పుకునే రోజులవి. మా ఊరికి ఆ కబురు ఇంకా రాలేదు, వచ్చినా గడి గేటు దగ్గరే ఆగి ఉంటుంది.

మా బాపు పేరు మల్లయ్య. గొర్రెల వెనక తిరగాల్సిన మనిషి, దొర కంట్లో పడి కారు డ్రైవరయ్యాడు. దొర హైదరాబాదులో ఎవరో పెద్దవాళ్ళు అమ్ముకుంటుంటే ఒక ఇంగ్లండు కారు కొన్నాడు. నల్లగా, గున్న ఏనుగంత ఉండేది. దాంతో పాటు బాపును కొన్నాళ్ళు పట్నంలో ఒక ఉస్తాద్ దగ్గర పెట్టి పని నేర్పించాడు. ఖాకీ నిక్కరు, టోపీ వేసుకుని తిరిగివచ్చిన బాపును చూసి అవ్వ గుర్తుపట్టనట్టు నటించింది. "ఎవలు బాబు నువ్వు? మా మల్లిగడు మందెంట పోయిండు, పొద్దుగూకితే వస్తడు" అంది. వాడవాళ్ళంతా నవ్వారు, బాపు నవ్వలేదు. కారు విషయంలో ఆయన నవ్వులాటలు సహించేవాడు కాదు. గొర్రెకు పుండైతే చూడని మనిషి కారుకు గీత పడితే అన్నం మానేసేవాడు.

ఆ కారులో డాష్‌బోర్డు కింద ఒక ఇనప పెట్టె ఉండేది. చలిదేశం కారు కదా, లోపల వెచ్చగా ఉండటానికి పెట్టిన హీటరు అది. ఇంజన్లో కాగిన నీళ్ళు ఒక గొట్టం గుండా ఆ పెట్టెలోకి వస్తాయి, వెనక చిన్న ఫ్యాను తిరిగి ఆ వేడిని మనుషుల మీదికి తోస్తుంది. మా పాలమూరు ఎండల్లో దానితో ఎవరికేం పని? పైగా ఆ నీళ్ళ నల్లా సరిగ్గా మూసుకునేది కాదు. ఎండాకాలం కారెక్కితే కింద పొయ్యి పెట్టినట్టుండేది. ఊరివాళ్ళు దానికి కుంపటి కారు అని పేరు పెట్టారు. బాపు కాళ్ళ మీద చర్మం పొరలు పొరలుగా లేచేది, అమ్మ రాత్రిళ్ళు ఆముదం రాసేది. "పీకి పారెయ్యరాదు దాన్ని" అంటే, "దొర పీకమనలే" అనేవాడు. అవ్వ కదురు తిప్పుతూనే అందుకునేది: "గొర్రెను గొరిగి గొంగడి కప్పుకుంటె పాయె. ఎచ్చదనానికి ఇనుప పెట్టెల జొచ్చి కూసునుడేందిర, బుద్ధిలేకుంట."

గడి ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గడిలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు మా మీద పరీక్ష చేసేవాళ్ళు. ఉయ్యాల కడితే దొరసాని కూర్చోకముందు పనివాళ్ళను ఎక్కించి ఊపి చూసేవాళ్ళు. కొత్త బావి నీళ్ళు ముందు జీతగాళ్ళు తాగాలి. వైద్యుడు కషాయం ఇస్తే ముందు గిన్నెలు తోమే మనిషికి ఒక గుక్క పట్టించి, మధ్యాహ్నం దాకా చూసి, తర్వాత ఇంట్లోవాళ్ళు పుచ్చుకునేవాళ్ళు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు. మావాళ్ళయితే గొప్పగా కూడా చెప్పుకునేవాళ్ళు, "పట్నం మిఠాయి దొర కంటె ముందుగాల నేనే తిన్న" అని. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు పళ్ళు పటపటలాడుతున్నాయి.

దొర తల్లికి, మేం పెద్ద దొరసాని అనేవాళ్ళం, ఆమెకు కూడా దమ్మే. ఒక చలికాలం ఆమెకు బాగా ఎక్కువై పట్నం పెద్ద దవాఖానలో చూపించాలనుకున్నారు. అన్నేళ్ళు ఎవరికీ పనికిరాని హీటరు అప్పుడు దొరకు గుర్తొచ్చింది. వేసి చూస్తే ఫ్యాను జోరు మీద తిరుగుతోంది, మెల్లగా తిరగమంటే తిరగదు. జోరుగా తిరిగితే లోపలున్న దుమ్మంతా లేచి ముఖాన కొడుతోంది. అట్లా అయితే ముసలామె దగ్గి దగ్గి దారిలోనే పోతుంది. మెల్లగా తిరిగేలా చెయ్యమని దొర బాపుకు పురమాయించాడు. బాపు బ్యాటరీ నుంచి మోటరుకు నేరుగా వైరు కలిపి చూశాడు, తిరిగింది. మీట విప్పి ఇసుక కాగితంతో తోమి చూశాడు, అందులోనూ తప్పు లేదు. చివరికి పెట్టె మొత్తం ఊడదీస్తే లోపల తీగచుట్ట ఒకటి కాలి తెగిపోయి కనిపించింది. మెల్లగా తిరగమన్నప్పుడు కరెంటు ఆ తీగలోంచి పోయి కొంత బలం తగ్గి మోటరుకు చేరుతుంది, అది తెగితే జోరు తప్ప మరో దారి లేదు. పట్నంలో అడిగిస్తే, ఈ ఎండదేశానికి హీటరు సామాను ఎవడు తెప్పిస్తాడని నవ్వారట. బాపు మహబూబ్‌నగర్ పోయి, కరెంటు పొయ్యిలు బాగుచేసే మనిషి దగ్గర పాత పొయ్యి తీగ తెచ్చాడు. మా వాకిట్లో కూర్చుని పెంకు ముక్క మీద దాన్ని చుట్టడం మొదలుపెట్టాడు.

ఎన్నిసార్లు చుట్టాడో, ఎన్నిసార్లు విప్పాడో. తీగ పొడుగైతే ఫ్యాను తిరగదు, పొట్టిదైతే జోరు తగ్గదు. గొర్రెల్ని అదిలించకూడదు, మేం పక్కన మాట్లాడకూడదు. అవ్వ గుంజ దగ్గరే కూర్చుని ఉండేది, ఆ ఏడు ఆమె దమ్ము ముందెన్నడూ లేనంతగా ఉంది. దగ్గు తెర వస్తే ఆపుకోలేకపోయేది. ఒకరోజు బాపు తల ఎత్తకుండానే, "అవ్వా, జర దగ్గుడాపే. చెయ్యి అదురుతాంది" అన్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళలో నీళ్ళు నిండి, ముఖం కందగడ్డలా ఎర్రబడి, అట్లాగే కూర్చుంది. పొయ్యి దగ్గర ఉన్న అమ్మ లేచి వచ్చి ఆ కొంగు లాగేసి, ఆమె వీపు నిమురుతూ బాపు వైపు చూసింది. బాపు తీగ చుట్టుకుంటూనే ఉన్నాడు. ఆయన తల్లికీ, దొర తల్లికీ ఒకటే జబ్బు అన్న సంగతి ఆయనకు తట్టిందో లేదో నేను చెప్పలేను. తట్టలేదనే అనుకుంటాను, అదే నా కోపం.

మొత్తానికి తీగ కుదిరింది. ఫ్యాను మెల్లగా కూడా తిరిగింది. అయితే బాపు దాన్ని పాత చోట పెట్టలేదు. కాగే నీళ్ళ గొట్టం పక్కన, పెట్టెలో మూసిపెట్టారు కాబట్టే ముందుది కాలిందని ఆయన లెక్క. అందుకని బయట, డాష్‌బోర్డు వెనక ఖాళీ జాగాలో వేలాడదీశాడు. ఆ ఖాళీలో ఇంజను చప్పుడు వినిపించకుండా వేసిన బొంతలాంటి మందపు గుడ్డ ఉంది. తీగ ఎర్రగా కాగుతుందనీ, పెట్టెలో ఉంటే ఫ్యాను గాలే దాన్ని చల్లబరుస్తుందనీ ఆయనకు అప్పటికి తెలియదు.

మర్నాడు తెల్లవారాక అవ్వకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. మాట రావటం లేదు, చేత్తో రొమ్ము చూపిస్తోంది. అమ్మ బాపు చొక్కా పట్టుకుంది. "దొరనడుగు. కారు ఊకెనే ఉన్నది గద. అచ్చంపేట దవాఖానకు తీస్కపోతె సూదన్న ఏస్తరు" అంది. అంతకుముందు మా వాడవాళ్ళు ఎవరూ ఆ కారెక్కలేదు. బాపు డ్రైవరైనా ఆయన తల్లి, పెళ్ళాం, నేను ఎక్కగూడదు. ఆ మాట ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం లేదు. బాపు గడికి పోతుంటే నేనూ వెంట పరుగెత్తాను. దొర అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు.

"ఏమ్రా మల్లిగా, హీటరైందా?"

"అయింది దొరా. మెల్లగ గూడ తిరుగుతాంది."

"మనిషిని కూసోపెట్టి సూసినవా?"

"ఇంక లేదు దొరా." బాపు చేతులు కట్టుకున్నాడు. "మా అవ్వకు దమ్ము బాగ లేసింది దొరా. బతికేటట్టు లేదు. అచ్చంపేట దాంక..."

దొర చుట్ట నోట్లోంచి తీశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, మంచి ఉపాయం తట్టిన కళ ఉంది. "మంచిగైంది. మా అమ్మకున్నదీ దమ్మే, మీ అవ్వకున్నదీ దమ్మే. ఆమెను కూసోపెట్టుకోని పో. అద్దాలన్ని ఎక్కియ్యి, ఒక్కటి గూడ దించకు. దమ్ము తగ్గుతదో పెరుగుతదో సూడు. మంచిగుంటే రేపు అమ్మను పట్నం తీస్కపోదాం" అన్నాడు. మేం తిరుగుతుంటే వెనకనుంచి, "సీటు మీద గొంగడి పర్వుండ్రి" అని గుర్తుచేశాడు.

దారంతా బాపు కళ్ళు తుడుచుకుంటూ నడిచాడు. దొర మనసు వెన్న అని, ఇట్లాంటి దొర ఎవరికీ దొరకడని ఇంట్లో చెప్పాడు. అమ్మ అంతా విని, "కషాయం ముందుగాల మనకు తాపినట్టే గదా ఇది?" అంది. బాపు కసిరాడు. "ఎట్లైతేంది? దవాఖానకైతే పోతాంది గద. నువ్వు తీస్కపోతవా నెత్తిన బెట్టుకోని?" అమ్మ గొంగడి తెచ్చేందుకు లోపలికి పోయింది. ఆ రోజు ఆ కారు తప్ప ఇంకో దిక్కు లేదన్నది నిజం.

అవ్వ వడికిన గొంగడే సీటు మీద పరిచారు. అమ్మకు గడిలో పని, ఆమె రాకూడదు. నేను అవ్వ పక్కన కూర్చుని ఆమెను ఒళ్ళోకి ఆనించుకున్నాను. బాపు అద్దాలన్నీ ఎక్కించి, నల్లా తిప్పి, మీట మెల్లగా మీద పెట్టాడు. కాసేపటికి కాళ్ళ దగ్గర వెచ్చదనం మొదలై మెల్లగా పైకి వచ్చింది. బయట చెట్ల మీద మంచు, లోపల మాకు చెమట పట్టేంత వెచ్చగా ఉంది. అవ్వ ఊపిరి కొంచెం కొంచెంగా దారికొచ్చింది. కూత తగ్గింది. ఆమె పచ్చబొట్ల చేతిని అద్దానికి ఆనించి పోతున్న పొలాలను చూసింది. "ఎచ్చగున్నది కొడుకా" అంది. పొద్దటి నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "గింత సుఖముంటదని నాకేం ఎరుక. ఊకె తిడితి దీన్ని." బాపు ఎదుటి చిన్న అద్దంలో తల్లిని చూసి నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం నేను చాలా తక్కువసార్లు చూశాను. ఆ కాసేపు మేం ముగ్గురం నిజంగా సంతోషంగా ఉన్నాం, కాదనను.

అప్పుడు వాసన వచ్చింది. "కొత్త తీగ గద, మొదాలు జర వాసనొస్తది" అన్నాడు బాపు. తర్వాత సన్నటి పొగ. అవ్వకు మళ్ళీ దగ్గు ఎత్తుకుంది. నేను అద్దం దించే పిడి మీద చెయ్యి వేశాను. "దించకు బిడ్డా. దొర వద్దన్నడు" అన్నాడు. పొగ చిక్కనైంది, నా కళ్ళు మండాయి, అవ్వ గొంతులోంచి దగ్గు కూడా రావడం మానేసింది. నేను మళ్ళీ పిడి పట్టుకున్నాను. "దించకన్ననా! పొగ ఎంత సేపుంటదో సూడాలె" అని అరిచాడు. డాష్‌బోర్డు కింద మంట నాలుక కనిపించాకే బండి ఆపాడు. దిగినవాడు నేరుగా ముందుకు పరుగెత్తి, మూత ఎత్తి బ్యాటరీ వైరు పీకాడు. తర్వాత వెనక తలుపు తీశాడు. నేను అవ్వను ఆయన చేతికి అందించబోయాను. ఆయన అవ్వ కింది గొంగడి పట్టుకుని లాగాడు. ఆమె పక్కకు ఒరిగి తలుపు అంచుకు కొట్టుకుంది. ఆయన గొంగడితో ముందుకు పోయి మంట మీద కప్పి, రెండు చేతులా అదిమి పట్టి, "పాయె, పాయె, నా కారు పాయె" అంటూ ఏడ్చాడు. అవ్వను కిందికి దింపింది నేనే. దింపడమేమిటి, ఈడ్చాను. ఎర్రమట్టిలో మోచేతుల మీద వంగి ఆమె గాలి కోసం నోరు తెరుస్తోంది, గాలి పోవడం లేదు. మంట ఆరింది. కారుకు పెద్దగా ఏమీ కాలేదు. బాపు అప్పుడు ఆమె దగ్గరికి వచ్చాడు.

వైరు మళ్ళీ కలిపాననీ, కారు స్టార్టయిందనీ, దవాఖానకు పోదాం రమ్మనీ అన్నాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఎత్తుకోబోతే ఆయన చేతి మీద కొట్టింది. చాలాసేపటికి జొన్నచొప్ప బండి ఒకటి వచ్చింది, అది మా ఊరి వైపే పోతోంది. అవ్వ, నేను చొప్ప మీద కూర్చుని ఇంటికి వచ్చాం. బాపు కారును గడికి తోలుకుపోయాడు. అక్కడ ఏం జరిగిందో ఆయనే ఇంట్లో చెప్పాడు. "పొగ ఎంత సేపటికొచ్చింది?" అని దొర అడిగాడట. ఎంతసేపటికి వాసన, ఎంతసేపటికి పొగ, ఎప్పుడు మంట, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడట. దొర మెచ్చుకున్నాడట. అవ్వ ఎట్లా ఉందని దొర అడగలేదు. అడగలేదని బాపుకు బాధ కూడా లేదు.

తర్వాత ఆయన ఆలోచించి తన తప్పు తెలుసుకున్నాడు. కొత్త తీగ చుట్టి, ఈసారి పెట్టె లోపల, గాలి పోయే తోవలోనే బిగించాడు. అది ఏళ్ళ తరబడి కాలలేదు. పెద్ద దొరసాని వెచ్చగా పట్నం పోయింది, సూదులు వేయించుకుంది, వెచ్చగా తిరిగివచ్చింది, చాలా ఏళ్ళు బతికింది. మా అవ్వ శివరాత్రి రాకముందే పోయింది. ఆ కాలి బొక్కలు పడ్డ గొంగడే ఆమె మీద కప్పాం. ఆ ఏటి మంచి గొంగడి గడికి పోవాల్సినది, చలి ముదరకముందే పోయింది.

ఇప్పుడు కాలం మారింది అంటారు. మారలేదని నేను అనను. నా కూతురు, అల్లుడు ఎవరినీ అడగకుండా కారెక్కుతారు, సీటు మీద ఏమీ పరవరు. గడి కూలింది, ఆ జాగాలో ప్లాట్లు వేశారు. అయినా దొర మనవడు మొన్నొక సభకు వస్తే మా వాడ పిల్లలే ఎదురెళ్ళి దండలు వేశారు, వాళ్ళ తాతలు ధర్మాత్ములని మైకులో చెప్పారు. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళు ఏం చెప్పారో నాకు తెలుసు, ఎందుకంటే మా బాపు ముసలితనంలో నల్లగొండలో నా దగ్గరే ఉన్నాడు. అప్పుడు నేను బడిలో పంతులమ్మను. ఇంటికి ఎవరొచ్చినా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కారు కథ మొదలుపెట్టేవాడు. పెంకు మీద తీగ చుట్టడం, బయట పెడితే కాలడం, లోపల పెడితే నిలవడం, దొర భుజం తట్టడం. వినేవాళ్ళు అబ్బురపడేవాళ్ళు. కథలో ఒక్క మనిషి మాత్రం ఉండేది కాదు.

ఒకరోజు మా బడి హెడ్మాస్టరు వచ్చి కూర్చుంటే అదే కథ. ఆ రోజు నాకు ఎందుకో తమాయించుకోవడం చేతకాలేదు. టీ గ్లాసులు కింద పెట్టి, "బాపూ, అవ్వ సంగతి గూడ చెప్పు సారుకు" అన్నాను.

"ఏ అవ్వ?"

"మీ అవ్వ. పొగ వచ్చిన నాడు కార్ల ఎవలున్నరో చెప్పు."

బాపు నా ముఖంలోకి చూశాడు. చూపు మసకబారిన కళ్ళే, అయినా రెప్ప వెయ్యలేదు. "మా అవ్వ ఎన్నడెక్కింది బిడ్డా దొర కారు? మనోళ్ళను ఎక్కనిస్తుండెనా?" అన్నాడు. తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగి, "అదే సారూ, తీగను గాలి పోయే తోవల పెట్టాలె, గప్పుడే సల్లగుంటది" అని వదిలిన చోటి నుంచి అందుకున్నాడు.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళు వేళకు అన్నం పెట్టాను, మందులిచ్చాను, స్నానం చేయించాను. మాట్లాడటం మాత్రం మానేశాను.